వెనక నడిచేవాడి దగ్గు

ఎల్లన్నకు దగ్గు జబ్బు లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే మీరు కూడా ఆ బ్యాంకు పెద్దమనిషిలాగే పొరబడతారు. సౌదీలోని ఖమీస్ ముషైత్ పట్నంలో ఒక క్లినిక్కు వాళ్లు పోయినేడాది ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయని కాగితం రాసిచ్చారు. అయినా మనిషి దగ్గేవాడు. కొండదారిలో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఖళ్లుమని ఒకటి, కాస్త ఆగి మరొకటి. ఎందుకు దగ్గుతున్నాడో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. చెప్పే రకం కాదు. నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో పేరు.

ఆ ఊరు జగిత్యాల జిల్లాలో ఉంది. గొల్లల ఇల్లు. తాతల నాటి నుంచీ గొర్రెల వెనక నడిచిన వంశం. ఈ గొర్రెల బతుకు తండ్రితో సరి అనుకుని, పైపుల పని వీసా అని ఏజెంటు చెప్పిన మాట నమ్మి, ఎల్లన్న పదిహేనేళ్ల కింద సౌదీ విమానం ఎక్కాడు. దిగాక తెలిసింది, పైపులూ లేవు పాడూ లేవు, అసీర్ కొండల మీద కఫీల్ గారి మేకల మంద తన కోసమే ఎదురుచూస్తోందని. కఫీల్ అంటే అక్కడ మనల్ని రప్పించుకున్న యజమాని, మన కాగితాలన్నీ ఆయన మాట మీదే నడుస్తాయి. నుదుటి రాత విమానమెక్కినంత మాత్రాన మారుతుందా! ఎల్లన్న కర్ర అందుకున్నాడు.

పదమూడేళ్లు అలా గడిచాయి. ఎండనూ చలినీ అతను కష్టంగా లెక్కవేయలేదు. మాట కరువైంది, అదే అసలు కష్టం. వారానికోసారి నీళ్ల ట్యాంకరుతో వచ్చే పాకిస్తానీ డ్రైవరు సలాం అంటే సలాం అనడం, అంతే. మేకలకు సెలవు లేదు కాబట్టి కాపరికీ లేదు. ఒక దశలో ఏకబిగిన ఆరేళ్లు ఊరి మొహం చూడలేదు. మూడేళ్ల పిల్లగా వదిలిపెట్టిన కూతురు శ్రీలత తొమ్మిదేళ్ల పిల్లయి, ఇంటికొచ్చిన తండ్రిని చూసి తల్లి ఊర్మిళ కొంగు వెనక దాక్కుంది. ఆ రోజు ఎల్లన్న చాలా ఏడ్చాడు, గొడ్ల కొట్టంలోకి పోయి, ఎవరికీ కనబడకుండా.

అతని రాత కొంచెం పక్కకు తిరిగింది కఫీల్ కొడుకు వల్ల. ఆ అబ్బాయి పేరు నౌమాన్. పైచదువులకు పోయినవాడు చదువు సంగతేమోగానీ, ఉత్తర సముద్రంలో ఎక్కడో కొసన ఉన్న కొండల దీవుల్లో రెండు వేసవులు పని చేసి వచ్చాడు. ఆ దీవుల్లో వానా గాలీ తప్ప ఇంకేమీ ఉండవట. అయినా జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ముందు ఒక దారి చూపేవాడినీ వెనక ఒక కాపలా మనిషినీ పెట్టుకుని, వారమంతా కొండల వెంట నడిచి పోతారట. సెలవులు గడపడమంటే వాళ్లకదేనట. మన అసీర్ కొండలకేం తక్కువ అని నౌమాన్ తిరిగొచ్చి ఒక చిన్న కంపెనీ పెట్టాడు. కారు ఉండగా నడిచేవాడెవడని తండ్రి కడుపుబ్బ నవ్వాడు. నిజం చెప్పాలంటే ఎల్లన్న కూడా నవ్వాడు, మేకల వైపు తిరిగి.

కానీ జనం వచ్చారు. ఆ కొండల్లో ఏ బాట ఎక్కడ తెగుతుందో, ఏ బండ వాననీటికి జారుతుందో ఎల్లన్నకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నౌమాన్ తండ్రిని బతిమాలి అతన్ని వెనక మనిషిగా పెట్టుకున్నాడు. అకామాలో, అంటే అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే కార్డులో, మాత్రం మేకల కాపరి అనే ఉంది. ముసలాయన ఒక షరతు పెట్టాడు. రెండు సీజన్లు ఏ మాటా రాకుండా గడిస్తే అకామా కొడుకు కంపెనీకి మారుస్తాడు, ఏటేటా సెలవు దొరుకుతుంది. మాట వచ్చిందా, ఎల్లన్న తిరిగి కొండ మీదికి, మేకల దగ్గరికి. ఇప్పుడు మనం చెప్పుకుంటున్నది ఆ రెండో సీజన్లో చివరి జట్టు సంగతి.

ఇక దగ్గు. ఎల్లన్న చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. పొద్దుగూకే వేళ ఆడవాళ్లు చెంబులు పట్టుకుని ఊరి బయట బాట పక్కన తుప్పల చాటుకు పోయేవాళ్లు. ఆ బాటన వచ్చే మగవాడు దూరం నుంచే దగ్గాలి. నేను వస్తున్నాను, తల తిప్పుకునే పోతాను అని దాని అర్థం. దాటిపోయాక మళ్లీ దగ్గాలి, ఇదిగో ఇంత దూరం పోయాను, మీరు నిశ్చింతగా ఉండండి అని. దగ్గకుండా వచ్చినవాడు దొంగతో సమానం, ముసలమ్మలు వాడి ఏడు తరాలనూ దులిపి ఆరేసేవాళ్లు. సౌదీ జీతం చేతికి రాగానే ఎల్లన్న ఊళ్లో మొదట కట్టించింది మరుగుదొడ్డి. ఇంటి సంగతి తరవాత చూసుకున్నాడు.

మేకల దగ్గర ఆ దగ్గుతో పని పడలేదు. మేకలకు సిగ్గేమిటి! పదమూడేళ్లు అది గొంతులోనే నిద్రపోయి, నడక జట్టుతో బయల్దేరిన మొదటిరోజే లేచి కూర్చుంది. వెనక మనిషి ఎవరినీ దాటి ముందుకు పోకూడదని నౌమాన్ ఇచ్చిన నియమాల కాగితంలో మొట్టమొదటి నియమం. నియమం బాగానే ఉంది. కానీ జట్టులో ఒక ఆడమనిషి బాట దిగి బండ చాటుకు పోతే, ఆమె వెనకే నిలబడి కాపలా కాయడమేమిటి? ఎల్లన్నకు ఒళ్లు జలదరించింది. అందుకని తను యాభై అడుగులు ముందుకు పోయేవాడు, మలుపు దాటి వీపు తిప్పి నిలబడేవాడు, నిమిషానికోసారి దగ్గేవాడు. ఆమె లేచి ఆ దగ్గు వినపడ్డ దిక్కుకు నడిచొచ్చి అతన్ని దాటి పోయేది. అతను మళ్లీ అందరికంటే వెనక. రెండేళ్లలో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

చివరి జట్టులో ఏడుగురు వచ్చారు. వాళ్లలో మోరాగ్ అని ఒక పెద్దావిడ, అరవై ఎనిమిదేళ్లు, ఎండు చింతబరికెలా ఉండేది. ఆమెది ఆ ఉత్తరపు దీవులే. నౌమాన్‌కు పని నేర్పింది ఆమెగారే. ముప్పై ఏళ్లు ఆ దీవుల్లో జట్ల వెనక నడిచిన మనిషి. నియమాల కాగితం కూడా మొదట ఆమె రాసిందే. శిష్యుడి పని ఎలా ఉందో చూద్దామని వచ్చింది కాబట్టి నౌమాన్ మొదటి రోజు నుంచీ కొత్త పెళ్లికొడుకులా ఒళ్లు దగ్గరపెట్టుకుని ఉన్నాడు. ఆమె మాట అంటే అతనికి వేదం.

రెండో రోజు సాయంత్రం గుడారాల దగ్గర భోజనాలు అవుతుండగా, జట్టులోని బ్యాంకు ఉద్యోగి ఒకాయన నౌమాన్‌ను పక్కకు పిలిచి, వెనక వచ్చే మనిషికి క్షయ ఉన్నట్టుంది, ఇలాంటివాణ్ని మా మధ్య పెడతారా అని నిలదీశాడు. నౌమాన్ క్లినిక్కు కాగితం ఫోనులో చూపించినా ఆయన ముఖం విప్పలేదు. సీజను చివర్లో ఈ తలనొప్పి ఎందుకని నౌమాన్ ఎల్లన్న దగ్గరికొచ్చి, రేపటి నుంచి దగ్గవద్దు అని మెత్తగానే చెప్పాడు. ఎల్లన్న సరేనన్నాడు. పొద్దున లేచి తువ్వాలు నోటి మీదుగా బిగించి కట్టుకున్నాడు.

మూడో రోజు మంచు పట్టింది. ఆ కొండల్లో మంచు పైనుంచి కురవదు, లోయలోంచి పొగలా లేచి వస్తుంది. పది గంటలకల్లా జునిపర్ చెట్ల మొదళ్లు తప్ప కొమ్మలు కనబడటం లేదు. ముందు నౌమాన్, వెనక ఒకరి సంచీ చూసుకుంటూ ఒకరు. అందరికంటే వెనకబడి నడుస్తున్న మోరాగ్ ఆగి, ఎల్లన్నకు చేతితో సైగ చేసి, బాట దిగి ఒక బండ వెనక్కు పోయింది. ఎల్లన్న అలవాటు ప్రకారం దాటి ముందుకు పోయాడు. మలుపు దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. దగ్గు గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

అయిదు నిమిషాలు అయ్యాయి. పెద్దావిడ, తొందరపెట్టకూడదు అనుకున్నాడు. పది నిమిషాలయ్యాయి. తిరిగి చూడటానికి మనసొప్పలేదు, చూడకుండా ఉండటానికి గుండె ఒప్పలేదు. చివరికి కళ్లు నేలకు వేసుకునే వెనక్కి నడిచి, మేడం అని పిలిచాడు. జవాబు లేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. బండ వెనక తడి గడ్డి తొక్కి ఉంది, మనిషి లేదు.

జరిగిందేమిటో అతనికి క్షణంలో అర్థమైంది. ఆ బండకు అవతల నుంచి ఇంకో బాట చీలుతుంది. పాత రాతి గట్ల పొలాల మీదికి దిగి, చివర నిట్టనిలువు అంచు దగ్గర తెగిపోయే బాట. మంచులో లేచిన మనిషికి ఏ దిక్కూ ఒకటే. ఎటు రావాలో చెప్పే దగ్గు లేదు.  మిగతా ఆరుగురినీ ఉన్నచోటే కూర్చోబెట్టమని వాకీటాకీలో నౌమాన్‌తో ఒక్క మాట చెప్పి, తను కిందికి దిగాడు.

అరిచి లాభం లేదని అతనికి తెలుసు, మంచులో అరుపు నాలుగు దిక్కుల నుంచీ వినపడుతుంది. నిలబడి చెవి పెట్టాడు. ఎడమ వైపు, బాగా కింద, కుక్కమూతి కోతులు గొడవ పడుతున్నాయి. ఆ కోతులు ఊరికే ఒకచోట గుమికూడవు. మేకలు కాసిన రోజుల్లో అతను రొట్టె మూట విప్పితే చాలు, ఎక్కడున్నవీ వచ్చేవి. తిండి సంచీ ఉన్న మనిషి కూర్చున్నచోటే అవి చేరతాయి. ఎల్లన్న రాతి గట్లు ఒక్కొక్కటే దిగుతూ ఆ గొడవ వెంట పోయాడు.

మోరాగ్ ఒక గట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది. మడమ బెణికి వాచిపోయింది. ఖర్జూరాలు ఒక్కొక్కటి విసురుతూ కోతుల్ని దూరంగా ఉంచుతోంది. ఆమె కాళ్లకు అవతల అయిదారు అడుగుల్లో నేల అయిపోయింది. ఎల్లన్న కోటు విప్పి ఆమెకు కప్పాడు. ఆమెకు వీపు చూపి గొంతుక్కూర్చున్నాడు. ఆమె భుజాలు పట్టుకోగానే లేచి, గుట్ట పైకి మోసుకొచ్చాడు.  ఒకరి భాష ఒకరికి రాదు, వచ్చినా ఏం మాట్లాడుకుంటారు!

సాయంత్రం గుడారం దగ్గర విచారణ అయింది. మోరాగ్ కేకలేసే మనిషి కాదు, తాపీగా, కట్టె విరిచినట్టు చెప్పింది. ఇతను నన్ను వెతికి తెచ్చాడు, దానికి కృతజ్ఞురాలిని. కానీ నన్ను దాటి ముందుకు పోయింది కూడా ఇతనే. మా దీవుల్లో ముందుకు పోయిన వెనక మనిషిని మర్నాటి పడవలోనే ఇంటికి పంపేస్తాం. నౌమాన్ తల దించుకుని విని, ఎల్లన్న వైపు తిరిగి అరబీలో అడిగాడు.

“ఎందుకు ముందుకు పోయావు? ఒక్క కారణం చెప్పు. ఏదైనా సరే, నేను మా నాన్నకు చెప్పుకుంటాను.”

ఏడుగురు అతిథులు చూస్తున్నారు. బ్యాంకాయన చేతిలో చెంచా గాల్లో ఆగింది. కారణం ఎల్లన్న నాలుక చివర ఉంది. అది చెప్పాలంటే ముందు ఆమె ఎక్కడికి పోయిందో చెప్పాలి, ఏ పనికి పోయిందో చెప్పాలి, ఇంతమంది మగవాళ్ల ముందు.

“తప్పు నాదే,” అన్నాడు.

 రేపటి నుంచి నువ్వు వెనక నడవవద్దు, జీపులో సామాన్ల దగ్గర ఉండు అన్నాడు నౌమాన్. జట్టు వెళ్లిపోయాక మా నాన్న చెప్పినట్టే అవుతుంది అన్నాడు. మేకల పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేదు.

జీపు నడిపేదీ వంట చేసేదీ కడప మస్తాన్. ఆ కొండల్లో ఎల్లన్నకు తెలుగు వినపడేది అతని నోటే. ఎల్లన్న గిన్నెలు తోముతూ సంగతంతా చెప్పేసరికి మస్తాన్‌కు ఒళ్లు మండిపోయింది.

“అదేందన్నా! నోట్లో ముద్ద పెట్టుకున్న్యావా? ఆయమ్మ ఒంటికి పోయింది, నేను మర్యాదకు ముందుకు పోయినానని చెప్పేస్తే పోలా? నువ్వు చెప్పకుంటే నేను చెప్తా పో.”

“నువ్వు చెప్తే నామీద ఒట్టే మస్తానూ. పెద్దమనిషి. ఆమె ఒంటికి పోయిన ముచ్చట గంతమంది మొగోళ్లల్ల నేను చెప్పుడా? నా నౌకరి కోసం ఆమె ఇజ్జత్ తీస్తనా?”

“వాళ్లకు అట్లాంటి సిగ్గులుండవన్నా.”

“నాకున్నది గదా.”

మస్తాన్ గరిటె విసిరికొట్టి, నీ ఖర్మ అన్నాడు. మళ్లా ఆ మేకల దగ్గరికి పోతావా అని అడిగాడు. ఎల్లన్న గిన్నె తోముతూనే ఉన్నాడు. ఆడ దగ్గే పని గూడ లేదు మస్తానూ అన్నాడు.  

నాలుగో రోజు ఎండ కాసింది. మడమకు కట్టు కట్టుకుని మోరాగ్ జీపులో ముందు సీట్లో కూర్చుంది, వెనక సామాన్ల మధ్య ఎల్లన్న. మధ్యాహ్నం జట్టును కలుసుకోవాల్సిన కొండ కొమ్ము దగ్గర మస్తాన్ బండి ఆపాడు. అక్కడ ఒక సౌదీ కుటుంబం కారు కూడా ఆగి ఉంది. అందులోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగి చెట్లవైపు నడిచారు. సామాను దించుతున్న ఎల్లన్న సంచీ కింద పెట్టేసి, గబగబా అవతలికి నడిచి, లోయవైపు మొహం పెట్టి నిలబడ్డాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అయినా లోపల్నుంచి గురక లాంటిది ఒకటి వచ్చింది, మింగిన దగ్గు. ఆ ఆడవాళ్లు తిరిగొచ్చి కారెక్కేదాకా అతను కదల్లేదు.

మోరాగ్ జీపు అద్దంలోంచి ఇదంతా చూస్తూనే ఉంది. ముప్పై ఏళ్లు జనం వెనక నడిచిన మనిషి, వీపు చూసి మనిషిని చదవడం ఆమెకు తెలుసు.

అతిథుల్ని మస్తాన్ వేసిన పందిరి కింద భోజనాలకు కూర్చోబెట్టి నౌమాన్ రాగానే ఆమె అడిగిన మొదటి మాట, అతను రెండు రోజులు దగ్గి, నిన్న ఎందుకు దగ్గలేదు అని. నౌమాన్ కొంచెం ఇబ్బంది పడి, ఒకరికి నచ్చలేదు, నేనే మాన్పించాను అన్నాడు.  అప్పుడామె చెప్పిన మాటలు నౌమాన్ జీవితంలో మరిచిపోడు. మొదటి రెండు రోజులు నేను బాట దిగిన ప్రతిసారీ ఆ దగ్గు పట్టుకునే తిరిగొచ్చాను, నేనది గమనించను కూడా లేదు అంది. నిన్న బండ వెనక నుంచి లేచేసరికి లోకంలో ఎవరూ లేరు అంది. మా దీవుల్లో చెట్టనేది ఉండదు, దాక్కోవడానికి చాటు ఉండదు, అందుకని ఒకరు ఆగితే మిగతా అందరం సముద్రం వైపు తిరుగుతాం, అది ఎవరూ కాగితం మీద రాయలేదు అంది. ఇతను కూడా సముద్రం వైపే తిరిగాడు నౌమాన్, ఇక్కడ సముద్రం లేదు, అంతే తేడా.

నౌమాన్ మొహం ఎర్రబడింది. ఎల్లన్న దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“నిన్న ఎందుకు చెప్పలేదు?”

ఎల్లన్న తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీరుతున్నాడు. మోరాగ్ ఇక ఆగలేదు. కర్ర ఊనుకుని, అందరూ చూస్తుండగానే, కుంటుకుంటూ బాట పక్కన ఉన్న ఒక పెద్ద బండ వైపు నడిచింది. పోతూ పోతూ ఎల్లన్న వైపు చూసి చేతితో సైగ చేసింది, నిన్నటిలాగే.

ఎల్లన్న కంగారుపడి నౌమాన్‌ను చూశాడు.  ఎల్లన్న కాళ్లు వాటంతట అవే కదిలి, బండ దాటి యాభై అడుగులు పోయి, మలుపు దగ్గర వీపు తిప్పి ఆగాయి. పందిరి కింద అతిథులు తినడం మానేశారు. గాలి లేదు. ఎల్లన్న నోటికి తువ్వాలు ఉంది, దగ్గవద్దన్న ఆజ్ఞ ఇంకా ఆజ్ఞగానే ఉంది.

అప్పుడు బండ వెనక నుంచి ఒక దగ్గు వినపడింది. ముసలి దగ్గు, దొంగ దగ్గు, కావాలని దగ్గింది. ఒకటి దగ్గి, ఆగి, ఎదురుచూస్తోంది.

“జవాబివ్వు ఎల్లన్నా,” అన్నాడు నౌమాన్ వెనక నుంచి. “నీ ఉద్యోగం అదే.”

ఎల్లన్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. కళ్లు తుడుచుకుని, లోయ అవతలి కొండకు తగిలేలా దగ్గాడు.